స్పీకరులోని రొద: దాని జాడ, దాని చికిత్స

రొద యనగా బిగ్గరయైన శబ్దమే కానక్కరలేదు. మనము పంపనిది, మనము కోరనిది, అయినను స్పీకరునుండి వెలువడునది ఏదైనను రొదయే. వార్తలు చదువు కంఠమునకు అడ్డుపడు చిటపట, వీణకచేరిలో తీగె ఊరకున్న క్షణమున తెలియవచ్చు బుస, పాట ఆపివేసినను విడువని హోరు, ఇవి యన్నియు ఆ కుటుంబములోనివే. ఎంప్లిఫైయరును తనలోనే యిముడ్చుకొని, గోడప్లగ్గునుండి నేరుగ విద్యుత్తు తీసికొను స్పీకరు నేడు పెక్కు గృహములలో ఉన్నది. రేడియో గాని, టెలివిజను గాని, చేతిఫోను గాని, దేనిని తగిలించినను అది పాడును. ఇంత సౌకర్యమైన వస్తువు రొద పెట్ట నారంభించినపుడు, దానిని దుకాణమునకు మోసికొని పోవుటకు ముందు, ఆ రొద ఏ దారిని వచ్చుచున్నదో యింటివారే చాలవరకు కనిపెట్టవచ్చును. ఈ ప్రసంగమున మేము చెప్పదలచినవి రెండే మాటలు. చెవియొగ్గి వినినచో రొదయే తన జాడ చెప్పును. జాడ తెలియకయే దాని నోరు మూయింప బూనినచో, ఒక్కొక్కప్పుడు ప్రాణమునకే ముప్పు వచ్చును.

ఉదాహరణమునకు బాపట్ల జిల్లాలోని పేరాలను తీసికొందము. చీరాల-పేరాల యనగానే 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున జనులు ఇండ్లు విడిచిపోయి కాపురముండిన రామనగరము తెలుగువారికి జ్ఞప్తికి వచ్చును. మా ప్రస్తుత విషయమునకు మాత్రము ఆ యూరి చరిత్రకంటె ఆ యూరి మగ్గము ముఖ్యము. గుంటమగ్గముపై పనిచేయు నేతగాడు గుంట అంచున కూర్చుండి, కాళ్లు లోనికి దించి, తొక్కుడుకర్రలను త్రొక్కుచు నేయును. చేతులకును కాళ్లకును పని యున్నను చెవికి పని లేదు. అందుచేత మగ్గముప్రక్క రేడియోయో స్పీకరో పాడుచుండుట నేతయిండ్లకు క్రొత్త కాదు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము ప్రసారములు ఆరంభించిన నాటినుండియు కోస్తాజిల్లాల పనివారికి రేడియో తోడుగనే ఉన్నది.

అయితే స్పీకరునకు గిట్టనివి మూడు వస్తువులు ఇచ్చట ఒకచోట చేరుచున్నవి. మొదటిది నూలుపీచు. రెండవది వాడరేవునుండి వీచు ఉప్పుగాలి. మూడవది తడినేల; వానకాలమున మగ్గపుగుంటలలో నీరూరుట నేతవారు ఎరిగిన బాధయే. పీచు కదలెడు భాగములలో చేరును, ఉప్పు లోహపుకొనలను తినును, తడినేల విద్యుత్తునకు దారి యిచ్చును. తక్కిన యూళ్లలోని యిండ్లకును ఈ మూడింటిలో ఏదో యొకటి ఉండకపోదు. కావున పేరాల యింటికి చెప్పినది తెనాలికిని, రేపల్లెకును, మరి యే యూరికైనను చెల్లును.

మొదట స్పీకరుపెట్టెలో ఏమున్నదో స్థూలముగ తెలిసికొందము. గోడనుండి వచ్చు 230 వోల్టుల విద్యుత్తును తగ్గించి, ఏకముఖముగ మార్చి యిచ్చు సరఫరా విభాగమొకటి. ఫోనునుండియో రేడియోనుండియో వచ్చిన బలహీనమైన సంకేతమును పెంచు ఎంప్లిఫైయరు ఒకటి. పెరిగిన సంకేతమును గాలికదలికగ మార్చు కాగితపు శంకువు, దాని మెడకు చుట్టిన తీగచుట్ట, చుట్టును క్రమ్మిన అయస్కాంతము కలిసి మూడవది. ఈ కదలుచుట్ట స్పీకరును నేటి రూపమునకు తెచ్చినవారు అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థకు చెందిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అను ఇంజనీర్లు; తమ పరిశోధనను వారు 1925లో ప్రకటించిరి. అది మొదలు నేటివరకు స్పీకరు మూలసూత్రము మారలేదు. దాని రొదలును మారలేదు.

రొదలలో ముఖ్యమైనవి నాలుగు జాతులు. గుయ్యిమని ఎడతెగక శ్రుతివలె మ్రోగునది హోరు. పామువలె వినబడునది బుస. వేడినూనెలో పోపుగింజలవలె చిట్లునది చిటపట. పాటలోని మంద్రస్వరము వచ్చినపుడు మాత్రమే తోడుగ వచ్చునది గరగర. ఈ నాలుగింటిలో మన యింటిది ఏదో మొదట తేల్చుకొనవలయును. పేరు తెలిసినచో సగము చిరునామా తెలిసినట్లే.

మిగిలిన సగము తెలియుటకు మూడు పరీక్షలు చాలును. వీనికి పెట్టె విప్పవలసిన పని లేదు, పనిముట్లును అక్కరలేదు.

మొదటి పరీక్ష: స్పీకరు వాల్యూము మీటను పూర్తిగ తగ్గించి వినవలయును. అప్పుడును రొద అంతే యున్నచో, దోషము మీటకు ఆవల, అనగా సరఫరాయందో, చివరి ఎంప్లిఫైయరునందో ఉన్నదన్నమాట. మీటతోపాటు రొద తగ్గిపోయినచో, అది మీటకు ఈవలనుండి, అనగా వైరునుండియో తగిలించిన పరికరమునుండియో వచ్చుచున్నది.

రెండవ పరీక్ష: ఫోనునుండి గాని టెలివిజనునుండి గాని వచ్చు వైరును స్పీకరు వెనుకనుండి ఊడదీయవలయును. రొద ఆగినచో స్పీకరు నిర్దోషి. వైరును మార్చి చూడవలయును. అప్పటికిని పోనిచో తగిలించిన పరికరమును అనుమానింపవలయును.

మూడవ పరీక్ష: ఇంటిలోని తక్కిన విద్యుత్పరికరములను ఒకదాని తరువాత నొకటిగ ఆపి చూడవలయును. ఫాను వేగమును తగ్గించు ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు, చవుకరకపు ఎల్.ఇ.డి. దీపము, ట్యూబులైటు చోకు, పొరుగున నడచు మరమగ్గపు మోటారు, ఇవన్నియు తీగలవెంటను గాలిలోను రొదను పంపగలవు. ఏది ఆపినపుడు స్పీకరు శాంతించునో అదియే మూలము.

ఇక ఒక్కొక్క జాతినే పరిశీలింతము. అన్నిటిలో ఎక్కువగ వేధించునది హోరు. దీనికి రెండు తల్లివేరులు ఉన్నవి.

మన దేశమున గోడసాకెట్టులోని విద్యుత్తు సెకనుకు 50 పర్యాయములు ముందువెనుకలకు ఊగును. సరఫరా విభాగము ఆ ఊపులోని వెనుకసగమును కూడ ముందుకే త్రిప్పును గనుక, సెకనుకు 100 తరగలు ఏర్పడును. గిలకబావినుండి చేదతో నీరు తోడునపుడు నీరు విడతవిడతలుగ వచ్చును. దానిని తొట్టిలో పోసినచో అడుగున కుళాయినుండి ధార తెగక పారును. స్పీకరులో ఆ తొట్టి పని చేయునది కండెన్సరు. అది వేడికి ఎండి, శక్తి యుడిగినపుడు తొట్టికి చిల్లుపడినట్లగును. తరగలు అణగక శబ్దముగ వినబడును. ఇట్టి హోరు 100 హెర్ట్జులది. వాల్యూము తగ్గించినను తగ్గదు, వైరు ఊడదీసినను పోదు. పెట్టె విప్పిన మెకానికునకు కండెన్సరు తల ఉబ్బియుండుటయో, అడుగున చెమ్మ కారియుండుటయో తరచు కనిపించును. పైకి బాగుగ కనబడుచునే లోన ఎండినవియు లేకపోలేదు. దానికి బదులు అంతే మైక్రోఫారడులు గలది, వోల్టేజి అంతకు తక్కువ కానిది, 85 డిగ్రీలకు బదులు 105 డిగ్రీల వేడికి తట్టుకొనునది వేయించినచో మన ఎండలకు మేలు. కొనలు తారుమారైనచో అది ప్రేలును గనుక, ఈ పని తెలిసినవారే చేయవలయును.

రెండవ హోరు కథ వేరు. ఇందులో ఏ భాగమును చెడిపోలేదు. కలిపిన తీరే చెడినది. స్పీకరు ప్లగ్గు ఒక గదిలో, టెలివిజను ప్లగ్గు మరొక గదిలో ఉన్నవనుకొందము. రెండింటికిని మూడవ పిన్ను, అనగా ఎర్తు ఉన్నది. రెండు ఎర్తు తీగలును ఒకే గోతికి పోవుచున్నను, దారి పొడవునను వేర్వేరు పరికరముల లీకుల వలన వాని మట్టములు కొంచెము భేదించును. రెండు చెరువుల నీటిమట్టము వేరైనపుడు నడుమ కాలువ త్రవ్వినచో నీరు పారకుండునా? స్పీకరును టెలివిజనుకు కలుపు వైరు పైతొడుగే ఆ కాలువ. అందు పారు స్వల్పవిద్యుత్తు సంకేతముతో కలిసి హోరగును. ఇది ముఖ్యముగ 50 హెర్ట్జులది, లోతైన శబ్దము. వైరు ఊడదీసినంతనే ఆగుటయే దీని గుర్తు.

ఫోనును చార్జరుకు తగిలించియుంచి, దానినే స్పీకరుకు కలిపినపుడు వచ్చు హోరును కూడ ఇచ్చటనే చెప్పుకొనవలయును. చార్జరు పెరికినంతనే హోరు పోయినచో, స్పీకరును ఎవరికిని చూపనక్కరలేదు. బాటరీమీద వినుటయో, మంచి చార్జరు వాడుటయో చాలును.

ఈ రెండవ హోరువద్దనే మేము గట్టిగ హెచ్చరింపవలసిన మాట ఉన్నది. ఎర్తు వలన హోరు వచ్చుచున్నదని వినినవారు కొందరు ఎర్తునే తీసివేయుదురు. మూడవ పిన్నును విరుగగొట్టుదురు. లేదా మూడు పిన్నుల ప్లగ్గును రెండు రంధ్రముల సాకెట్టులో దూర్చుదురు. లేదా ప్లగ్గు విప్పి పచ్చతీగను కత్తిరింతురు. హోరు వెంటనే ఆగును. అందుచేతనే ఈ చిట్కా ప్రమాదకరమైనది. ఫలితము చెవికి వినబడును, ముప్పు కంటికి కనబడదు.

ఎర్తు ఎందులకున్నదో తలచుకొందము. స్పీకరు లోహపుపెట్టెలో ఒకనాడు ఏ తీగతొడుగో ఒరిసి, ఫేజుతీగ పెట్టెకు తగిలినదనుకొనుడు. ఎర్తు ఉన్నచో విద్యుత్తు ఆ దారిని పెద్దయెత్తున పారి, ఫ్యూజు ఎగిరిపోవును. ఇల్లు చీకటియగును, మనుష్యులు క్షేమముగ ఉందురు. ఎర్తు లేనిచో ఏమియు జరుగదు. స్పీకరు చక్కగ పాడుచునే యుండును. పెట్టె మాత్రము 230 వోల్టులతో ఎవరి చేతికొరకో కాచుకొనియుండును. ఆ చేయి, తడిసిన గుంటనేలపై పాదము మోపి కూర్చున్న నేతగానిదైనచో, అతని శరీరమే ఎర్తుతీగ యగును. పొడి చెక్కబల్లపై చెప్పులతో నిలిచినవానికి చురుక్కుమని విడుచు విద్యుత్తే, తడినేలపై వట్టికాళ్లవానిని విడువకపోవచ్చును. కావున మగ్గమున్న యింట, స్నానపుగదికి ప్రక్కన, వానకు చెమ్మగిలు వసారాలో ఎర్తు పిన్ను తీసివేసిన స్పీకరును ఉంచుట పామును పెట్టెలో పెట్టుకొనుట వంటిది. ఎంత హోరైనను సహింపవచ్చును గాని, ఈ చిట్కాను సహింపరాదు.

పుట్టుకతోనే రెండు పిన్నులు గల పరికరముల మాట వేరు. ఒక చదరములో మరొక చదరము గీసిన గుర్తు వానిపై ఉన్నచో, తయారుచేసినవారు లోపలనే రెండు వరుసల రక్షణ కల్పించిరని అర్థము. వానికి ఎర్తు అక్కరలేదు.

మరి హోరు పోవు మార్గము లేదా? ఉన్నది. స్పీకరును, దానికి తగిలించిన పరికరమును ఒకే బోర్డునుండి, వీలైనచో ఒకే పట్టీనుండి వెలిగించుట మొదటి మందు. రెండు చెరువులను ఒక్క చెరువు చేసినట్లగును. చాల యిండ్లలో హోరు ఇంతటితోనే పోవును. పోనిచో, సంకేతపు వైరు నడుమ చిన్న ఆడియో ట్రాన్సుఫార్మరును పెట్టవచ్చును. అది సంకేతమును అయస్కాంతశక్తి ద్వారా దాటించును గాని తీగకు తీగను కలుపదు గనుక, కాలువకు గట్టు వేసినట్లగును. భజనమందిరములలో వాడు పెద్ద స్పీకరులకు మూడు పిన్నుల బాలన్సు వైరు తగిలించు వీలుండును. దూరపు వైరులకు అది శ్రేష్ఠము. బ్లూటూతుతో వినువారికి సంకేతపు వైరే లేదు గనుక ఈ హోరు ఆ దారిని రాదు. ఈ మందులన్నియు సంకేతపు దారిలో వేయునవి. ప్రాణరక్షకమైన ఎర్తు జోలికి పోవునది వీనిలో ఒక్కటియు లేదు.

ఎర్తు ఉన్నదన్న మాత్రమున అది పనిచేయుచున్నదని కాదు. ఉప్పుగాలి గల యూళ్లలో గోతివద్ద క్లాంపు త్రుప్పుపట్టి తీగ వదులగుట కలదు. ఏటేటను వైరింగు తెలిసినవానిచేత పరీక్ష చేయించుకొనుట మంచిది. 30 మిల్లీ ఆంపియర్లు లీకైనంతనే విద్యుత్తును తెంచు ఆర్.సి.సి.బి. అను మీటను మెయినుబోర్డులో పెట్టించినచో, మగ్గపుటింటికి అంతకు మించిన కవచము లేదు. దానిపైనున్న పరీక్షబొత్తామును అప్పుడప్పుడు నొక్కి, అది పడుచున్నదో లేదో చూచుచుండవలయును.

ఇక చిటపట. వాల్యూము మీట త్రిప్పునపుడు మాత్రమే చిటపటమన్నచో, మీటలోని కర్బనపు పట్టీపై ధూళి చేరినదని నిశ్చయింపవచ్చును. నేతయింట ఇది మరీ తొందరగ వచ్చును. కంటికి కనబడని నూలుపీచు మీట సందులలో దూరును. ప్లగ్గు పెరికి, మీటను ఈ కొసనుండి ఆ కొసకు ఇరువది ముప్పది మార్లు త్రిప్పినచో కొంత మేలగును. పోనిచో, ఎలక్ట్రానిక్ దుకాణములలో దొరకు కాంటాక్టు క్లీనరును పొడుగుగొట్టముతో మీటలోనికి కొద్దిగ చిమ్మి, మరల త్రిప్పి, పూర్తిగ ఆరిన తరువాతనే ప్లగ్గు పెట్టవలయును. మగ్గమునకు వేయు నూనెను గాని, కొబ్బరినూనెను గాని, కిరసనాయిలును గాని పోయరాదు. నూనె జిగురై పీచును మరింత పట్టుకొనును.

మీట కదల్చకున్నను చిటపట వచ్చినచో వైరు కొనలను చూడవలయును. వైరును అటునిటు వంచినపుడు శబ్దము మారినచో, వైరులో పోగులు తెగినవి. అతుకులు వేయక క్రొత్తది కొనుటయే పొదుపు. ప్లగ్గు కొనలపై పచ్చని పొడియో తెల్లని పొడియో కనిపించినచో అది ఉప్పుగాలి చేసిన పని. పొడిగుడ్డతో తుడిచి, పలుమార్లు పెట్టితీసినచో లోహము శుభ్రపడును. పెట్టెపై వ్రేలితో తట్టినపుడు చిటపటమన్నచో లోపల టంకము విడిన చోటొకటి ఉన్నది. అది మెకానికు పని.

బుస సంగతి భిన్నము. తీగెలలోని ఎలక్ట్రానులు వేడివలన ఎల్లప్పుడును కలత చెందుచునే యుండును. ఆ కలతయే పెరిగి బుసగ వినబడును. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో జాన్ జాన్సన్ దీనిని కొలిచి, హారీ నైక్విస్ట్ దీనికి గణితము చెప్పి, 1928లో ప్రకటించిరి. కావున స్పీకరునకు చెవి ఆనించినపుడు మాత్రమే వినబడు సన్ననిబుస రోగము కాదు. గది మధ్యకు వినబడునంత బుస యున్నచో, తరచు అది మన వాడుకలోని లోపము. ఫోనులో ధ్వని తగ్గించి స్పీకరులో పూర్తిగ పెంచినచో పాటతోపాటు బుసయు పెరుగును. ఫోనులో మూడువంతులకు పైగ పెంచి, స్పీకరు మీటను తగ్గించి వినుడు. పాట అంతే వినబడును, బుస వెనుకబడును.

టకటకమని లయతో మొదలై గరజుట, కొన్ని క్షణములకు ఫోను మ్రోగుట అను అనుభవము చాలమందికి కలదు. 2జి పద్ధతిలో పనిచేయు చేతిఫోను సెకనుకు 217 పర్యాయములు రేడియోశక్తిని తుంపులుగ వెలువరించును. స్పీకరు వైరు ఆ తుంపులకు ఏరియలుగ పనిచేయును. దీనికి మందు ఖర్చు లేనిది. ఫోనును నాలుగడుగుల దూరమున పెట్టుటయే.

చివరిది గరగర. పాటలోని మృదంగమునకో డోలుకో మాత్రమే గరగరమన్నచో దోషము విద్యుత్తులో లేదు, శరీరములో ఉన్నది. ముందు పెట్టె మరలు బిగించి చూడవలయును. దానిపై పెట్టిన గాజుపటమో స్టీలుగ్లాసో అదరుచున్నదేమో చూడవలయును. తరువాత ముందుతెరను తీసి, ప్లగ్గు పెరికి, కాగితపు శంకువును రెండు చేతుల వ్రేళ్లతో నలువైపులను సమముగ మెల్లగ లోనికి నొక్కవలయును. మెత్తగ పోయివచ్చినచో మంచిదే. గీసినట్లు చప్పుడైనచో తీగచుట్ట ఒరియుచున్నది, దానిని మార్పింపవలయును. బొద్దింకలో ఎలుకలో కొరికిన చిన్న చిరుగునకు, పలుచని కాగితపుముక్కను ఆరినపిదప గట్టిపడని జిగురుతో అంటించినచో చాలకాలము పనిచేయును. మీటరు ఉన్న యింటివారు స్పీకరు తీగలను ఎంప్లిఫైయరునుండి విడదీసి కొలిచినచో, 4 ఓముల స్పీకరు 3కును 4కును నడుమ, 8 ఓములది 6కును 7కును నడుమ చూపుట సహజము. ముల్లు కదలనే కదలనిచో చుట్ట తెగినది.

ఇంటివారు చేయదగినది ఇంతవరకే. సరఫరా విభాగపు మూతను మాత్రము ఇంట విప్పరాదు. నేటి స్పీకరులలో చాలవానియందు 230 వోల్టుల విద్యుత్తు నేరుగ ఏకముఖమై, లోపలి కండెన్సరులో సుమారు 325 వోల్టులుగ నిలువయుండును. ప్లగ్గు పెరికిన పిదప కూడ అది కొంతసేపు నిలిచియుండి, తాకినవానిని కొట్టగలదు. మెకానికువద్దకు పోవునపుడు "శబ్దము వచ్చుచున్నది" అని మాత్రమే చెప్పక, "వాల్యూము తగ్గించినను తగ్గని హోరు", "వైరు పెరికిన ఆగు హోరు", "మీట త్రిప్పినపుడు చిటపట" అని చెప్పుడు. వైద్యునికి రోగలక్షణములు చెప్పినట్లే, ఇందువలన అతనికి పని తేలికయగును, మీకు ఖర్చు తగ్గును, మంచి భాగమును మార్చు పొరపాటు తప్పును.

పీచు గల యింట వారమునకొకసారి పొడిగుడ్డతో తుడుచుట, పాడనపుడు పలుచని నూలుగుడ్డ కప్పుట, పాడునపుడు ఆ గుడ్డ తీసివేయుట, స్పీకరును గుంట అంచుననో నేలపైననో గాక చేతికందని ఎత్తున చెక్కబల్లపై ఉంచుట, వానకాలమునకు ముందు ఎర్తు చూపించుట: ఈ అలవాట్లు పాటింపుడు. సగము రొదలు పుట్టకయే పోవును. పుట్టినవానిని చెవితో గుర్తింపుడు, పరీక్షలతో జాడ తీయుడు, తగినచోట మందు వేయుడు. మూడవ పిన్నును మాత్రము ఎన్నడును విరువకుడు.